బిల్లేదీ?

మిక్సీ కొన్న రోజు షాపాయన ఎంత మర్యాదస్తుడో! "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది సార్, వద్దంటే ఇదే రేటు" అని గల్లాపెట్టె మీంచి వంగి మరీ చెవిలో చెప్పాడు. నాలుగు డబ్బులు మిగిలితే మనకు మాత్రం చేదా? తెల్లకాగితం ముక్క మీద పెన్సిల్ అంకెలు, కింద ఓ అడ్డగీత. తల ఊపి తెచ్చుకున్నాం.

మూడో రోజు మిక్సీలోంచి చట్నీ రాలేదు, పొగ వచ్చింది. మళ్లీ అదే షాపు, అదే ఆయన.

"బిల్లేదీ?"

ఇవ్వనివాడే అడుగుతున్నాడు! 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ లేకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోయినా అంతే. (చీర రంగు ఇంట్లో ఆవిడకు నచ్చకపోవడం లోపం కాదు. ఆ కేసు మీరే వాదించుకోవాలి.)

పోనీ, పక్కా బిల్లు అడిగి తెచ్చుకున్నవాళ్లు సుఖపడ్డారా? ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు వారంటీ కంటే ముందే ఆవిరైపోతాయి. వెనకవైపు అచ్చేసిన "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" మాత్రం చెక్కుచెదరదు.

అయినా సాక్ష్యం లేకేం? డబ్బు ముట్టిందని కౌంటర్ మీది డబ్బా బజారంతా వినేలా అరిచిందిగా! యూపీఐ మెసేజ్ మన ఫోన్‌లో భద్రంగా ఉంది. అది చూపించి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కలుపుతున్నానని చెప్పి చూడండి.

"అయ్యో, నిలబడే ఉన్నారేంటి సార్... ఒరేయ్, సార్‌కి టీ చెప్పు!"