సెమీ డిటాచ్డ్ డాన్

రాత్రి తొమ్మిదిన్నర. పిల్లది నిద్రపోయిందని రూఢి చేసుకుని, మెట్లు చప్పుడు కాకుండా దిగొచ్చి, హాల్లో పెద్ద లైటు ఆర్పి, టీవీ సౌండు పదకొండు నుంచి ఏడుకు తగ్గిస్తాడాయన. గోడ అవతల పక్కింటి ముసలావిడ పడకగది. సెమీ డిటాచ్డ్ ఇల్లంటే అంతే, గోడ మనది, చెవి వాళ్లది. తెర మీద లండన్ గూండా ఒకడు ఇంకొకణ్ణి కుర్చీకి కట్టేసి ప్రాణాలు తీస్తానని అరుస్తుంటాడు. ఆ అరుపు సోఫా దాకా వచ్చేసరికి గుళ్లో పక్కవాడు చెవిలో చెప్పిన కబురులా ఉంటుంది.

స్లౌలోనో, రెడింగ్‌లోనో, మిల్టన్ కీన్స్‌లోనో ఉగాది వేడుకలకు వెళ్తే పులిహోర క్యూలో ఈయన తగులుతాడు. నలభై దాటిన వయసు. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఈ దేశంలో ఆయన చేసిన ఏకైక నేరం ఇరవై మైళ్ల రోడ్డు మీద ఇరవై నాలుగులో పోవడం. దానికి జరిమానా బదులు స్పీడ్ అవేర్‌నెస్ క్లాసుకు రమ్మంటే, వెళ్లి నోట్సు కూడా రాసుకొచ్చాడు. అలాంటి మనిషి శుక్రవారం రాత్రి బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ సినిమా పెట్టుకుంటే చాలు, మెడ కాస్త వంకర పెట్టి, ఒక కన్ను చిన్నది చేసి, భార్యను అల్లం టీ అడిగే గొంతే మారిపోతుంది.

అమెరికా మాఫియా సినిమాలంటే ఆయనకు చిన్నచూపు. వాటిలో పెళ్లిళ్లూ విందులూ ఎక్కువట, మన సినిమాల్లాగే. బ్రిటిష్ గూండా అలా కాదు. వానలో తడుస్తాడు, టీ తాగుతాడు, అమ్మ మాట వింటాడు. క్రే కవలలు రానీ, రెజీల కథతో 1990లో తీసిన సినిమాలో తల్లి వయొలెట్‌దే సగం పెత్తనం. పైగా బ్రిటన్‌లో మామూలు బీటు పోలీసు నడుముకు తుపాకీ ఉండదు. కాబట్టి సినిమాలో తుపాకీ కనబడితే దానికో విలువ. గై రిచీ తొలి సినిమా 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్' కథంతా రెండు పాతకాలపు తుపాకుల చుట్టూ తిరుగుతుంది. సీనుకు నాలుగు సుమోలు లేచిపోయే సినిమాలు చూసి పెరిగిన కళ్లకు ఈ పొదుపు ముచ్చటగానే ఉంటుంది మరి.

ఆ సినిమాలో నలుగురు కుర్రాళ్లు పేకాటలో ఓడి, వారంలో 5 లక్షల పౌండ్లు కట్టాల్సి వస్తుంది. సరిగ్గా అక్కడ ఆయన సినిమా ఆపుతాడు. ఎన్నోసారి చూస్తున్నా ఆపుతాడు. ముందు రూపాయల్లోకి మారుస్తాడు, తర్వాత తన మార్ట్‌గేజ్‌తో పోలుస్తాడు. "వాళ్లకు వారమే. మనకు ఇంకా పంతొమ్మిదేళ్లు" అని నిట్టూర్చి మళ్లీ ప్లే నొక్కుతాడు. గొడ్డలి పేరు పెట్టుకున్న విలన్ ఆయన్ను అంతగా భయపెట్టడు. వడ్డీ రేటు భయపెడుతుంది.

భాష సంగతి ఇంకో కథ. మొదట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ అనుకున్నాడు. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండ్లు తెచ్చుకుని, లండన్‌లో ఇంగ్లీషు సినిమాకు అక్షరాలు వేసుకోవడమేమిటి? ఆర్నెల్లు ఆ పంతం మీదే ఉండి, ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో తెలియకుండానే ఎనిమిది సినిమాలు చూశాడు. తర్వాత 'స్నాచ్' చూశాడు. అందులో బ్రాడ్ పిట్ మాట్లాడేది తోటి పాత్రలకే అర్థం కాదు, అదే హాస్యం. తెర మీది అసలు సిసలు లండన్‌వాళ్లు కూడా నోరెళ్లబెట్టడం చూసిన రాత్రి ఆయన నామోషీ తీరిపోయింది. మర్నాడే రిమోట్ తీసి సబ్‌టైటిల్స్ పెట్టాడు.

అక్షరాలు కనబడటంతో కొత్త ప్రమాదం మొదలైంది. తూర్పు లండన్ వాడుక నోటికి పట్టింది. కాక్నీలో ప్రాస కుదిరితే చాలు, ఫోన్ 'డాగ్ అండ్ బోన్' అయిపోతుంది, మెట్లు 'యాపిల్స్ అండ్ పేర్స్' అవుతాయి. డబ్బుకు జంతువుల పేర్లు. 'మంకీ' అంటే 500 పౌండ్లు, 'పోనీ' అంటే 25.

"ఏమోయ్, ఒక పోనీ ఇస్తావా?"

"పోనీ ఏమిటండీ? పోనీ ఇవ్వనా, పోనీ వద్దా?"

"పోనీలే."

ఆ సంభాషణ అక్కడితో ముగిసింది. పాతిక పౌండ్లు రాలేదు. ఇదే భాషలో భార్యను 'ట్రబుల్ అండ్ స్ట్రైఫ్' అంటారని ఆయనకు తెలుసు. ఒకసారి ఆ ముక్క ఇంట్లో వాడాడు కూడా. రెండోసారి వాడలేదు.

సినిమా చూసి ఊరుకునే రకమైతే ఇంత చెప్పుకోనక్కర్లేదు. ఈయన క్షేత్రదర్శనాలు చేస్తాడు. వైట్‌చాపెల్ రోడ్డులో 'బ్లైండ్ బెగర్' అనే పబ్బు ఉంది. 1966 మార్చి 9న రానీ క్రే అందులోకి నడిచి వెళ్లి జార్జ్ కార్నెల్‌ను కాల్చి చంపాడు. ఆ పబ్బుకు వెళ్లి, ఆరెంజ్ జ్యూసు తాగి, గుమ్మం ముందు చేతులు కట్టుకుని సెల్ఫీ దిగి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద చరిత్ర కూడా రాశాడు. తెనాలి నుంచి పిన్ని జవాబు: "అలాంటి చోట్లకు ఎందుకు నాన్నా, స్వెట్టర్ వేసుకున్నావా?"

టీవీ పక్కన కొండపల్లి బొమ్మలకూ వెంకటేశ్వరస్వామి పటానికీ మధ్య ఒక డబ్బా ఉంటుంది. అందులో ఉన్నది కాంక్రీటు ముక్క. 1971లో మైకేల్ కెయిన్ నటించిన 'గెట్ కార్టర్'లో ఒకణ్ణి కిందికి తోసేసే ఎత్తైన కార్ పార్కు ఒకటి గేట్స్‌హెడ్‌లో ఉండేది. 2010లో దాన్ని కూల్చేసినప్పుడు అక్కడి కౌన్సిల్ ఆ శిథిలాలను డబ్బాల్లో పెట్టి డబ్బా 5 పౌండ్లకు అమ్మింది. మనవాడు దాన్ని ఎవరి దగ్గరో మారుబేరంలో కొన్నాడు. ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ మూత తీసి చూసి, "రాయికి ఇంత భద్రమా, శాలిగ్రామమా?" అంది. దుమ్ము దులిపేటప్పుడు మాత్రం దాన్నీ దేవుడి సామానుతో పాటే తుడిచేది.

అసలు అగ్నిపరీక్ష మామగారు వచ్చిన ఏడు ఎదురైంది. రిటైరైన హిందీ పండితుడు, ఖద్దరు తప్ప వేరే బట్ట ఎరగరు. ఒక రాత్రి నిద్రపట్టక కిందికి వచ్చేసరికి అల్లుడు 'సెక్సీ బీస్ట్' చూస్తున్నాడు. పేరు చెప్పే ధైర్యం చాలక "దొంగల సినిమా, మామయ్యగారూ" అన్నాడు. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగారు.

"ఈ బట్టతలాయన గాంధీగారు కదూ?"

అవును. 1982 నాటి 'గాంధీ'కి ఆస్కార్ తెచ్చుకున్న బెన్ కింగ్‌స్లీయే. 2000లో వచ్చిన ఈ సినిమాలో ఆయన డాన్ లోగన్, నోరు తెరిస్తే బూతు. దీనికీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. స్పెయిన్‌లో ప్రశాంతంగా బతుకుతున్న పాత దొంగ రే విన్‌స్టన్‌ను ఇంకో దోపిడీకి రమ్మని పీడిస్తుంటాడు.

మామగారు పావుగంట నిశ్శబ్దంగా చూశారు. తర్వాత మెల్లగా అన్నారు: "రాను రానని సహాయ నిరాకరణం చేస్తున్నది ఆ లావుపాటాయన. ఒప్పుకోనిది గాంధీగారు. ఇదేం విపరీతమయ్యా, అల్లుడుగారూ!"

అల్లుడికి సందు దొరికింది. 'గాంధీ' తీసిన రిచర్డ్ ఆటెన్‌బరో కూడా కుర్రతనంలో 'బ్రైటన్ రాక్'లో పింకీ అనే గూండా వేషం కట్టినవాడేనని చెప్పాడు. మహాత్ముడి సినిమాకు అటు దర్శకుడూ ఇటు నటుడూ ఇద్దరూ గ్యాంగ్‌స్టర్లేనన్నమాట. పెద్దాయన ఆలోచనలో పడి మంచినీళ్లు తాగి పైకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున, "రాత్రిది చివరికి ఏమైంది?" అని కూతురు వినకుండా అడిగారు.

ఇన్ని చూసినా ఆయన ఇలవేల్పు మాత్రం 'ది లాంగ్ గుడ్ ఫ్రైడే'. 1980 నాటిది. ఏటా గుడ్ ఫ్రైడే రాత్రి వ్రతంలా చూస్తాడు. బాబ్ హాస్కిన్స్ అందులో హెరాల్డ్ షాండ్. పాడుబడ్డ డాక్స్‌ల్యాండ్స్‌లో అమెరికా మాఫియా డబ్బుతో మేడలు కట్టాలని, 1988 ఒలింపిక్స్ అక్కడికి రావాలని కలగంటాడు. ఒలింపిక్స్ తూర్పు లండన్‌కు వచ్చాయి, కాకపోతే 2012లో. మేడలూ లేచాయి, వాటి పేరు కేనరీ వార్ఫ్. మన డాన్ వారానికి రెండ్రోజులు ఎలిజబెత్ లైన్ ఎక్కి వెళ్లి బ్యాంకు సాఫ్ట్‌వేర్ పరీక్షించేది అక్కడే. ఈ కథలో ఆయన కంటికి నీరు తెప్పించేది ఇంకొకటుంది. అమెరికావాళ్లకు యాస అర్థం కాదని ఎవరో హాస్కిన్స్ గొంతు తీసేసి, వోల్వర్‌హాంప్టన్ నటుడి గొంతు పెట్టారట. హాస్కిన్స్ కోర్టుకెక్కుతానని గట్టిగా నిలబడ్డాడు. చివరికి బీటిల్స్ జార్జ్ హారిసన్ కంపెనీ సినిమాను కొనుక్కుంది, అసలు గొంతు బతికింది. ఆఫీసు కాన్ఫరెన్సు కాల్‌లో "మరోసారి చెప్తారా?" అని రోజూ అనిపించుకునే మనిషికి ఇది పురాణంతో సమానం.

మొన్నటి గుడ్ ఫ్రైడే రాత్రి సినిమా ముగింపుకు వచ్చింది. చూడనివాళ్లు మన్నించాలి. హెరాల్డ్ కారెక్కుతాడు, ముందు సీట్లోంచి కుర్ర పియర్స్ బ్రాస్నన్ తుపాకీ పట్టుకుని వెనక్కి తిరుగుతాడు. ఇక మాటల్లేవు. కెమెరా హాస్కిన్స్ మొహం మీదే ఉండిపోతుంది. ఆ మొహంలో కోపం, లెక్క, భయం, ఒక వెర్రి నవ్వు, ఆఖరికి అర్థమైపోవడం, ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతుంటాయి.

అప్పుడే మెట్ల మీంచి గొంతు వినబడింది.

"ఏవండీ, సెలవని ఈ వారం బిన్ను లారీ రేపొస్తోంది. నల్లబిన్ను పెట్టారా?"

సోఫాలో ఆయన కదల్లేదు. టీవీ వెలుగు మొహం మీద పడుతోంది. కోపం వచ్చింది, పోయింది. వాన ఎంత పడుతోందో లెక్క వేసుకున్నాడు. పోయినసారి మర్చిపోతే రెండు వారాలు గరాజ్ కంపుకొట్టిన సంగతి గుర్తొచ్చింది. చిన్న వెర్రి నవ్వొకటి నవ్వాడు. పేర్లు పడుతుండగా లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

శనివారం పొద్దున ఆరున్నరకు చూస్తే ఆ వీధిలో అన్నిటికంటే ముందు బయటికొచ్చిన బిన్ను వాళ్లదే. మూత పూర్తిగా మూసి ఉంది, హ్యాండిలు రోడ్డు వైపు తిరిగి ఉంది, కౌన్సిల్ కరపత్రంలో ఉన్నట్టు.