జేబునిండా వెన్నులు

మా పెద్దమావయ్య ఎవరింటికెళ్లినా చెప్పులు విడిచేలోగా వాళ్ల తులసిమొక్కకి క్షవరం అయిపోతుంది. వెన్నుని రెండువేళ్ల మధ్య పట్టుకుని, గోరు తగలనివ్వకుండా, కింది ఆకుల జంట వదిలి పుటుక్కున తుంచుతాడు. "గింజ పట్టిందంటే ఆకు వెయ్యడం తగ్గిపోతుందమ్మా. ఇక్కడ తుంచితే ఈ రెండాకుల పక్కనుంచీ రెండు రెమ్మలొస్తాయి" అని ఇల్లాలికి పాఠం. పాపం ఆవిడ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడే ఉంటుంది. ఆయన చెయ్యిపడ్డ మొక్క గుబురెక్కుతుంది కూడా. వచ్చిన చిక్కల్లా అదే, కాదనడానికి లేదు.

ఊరందరి మొక్కలూ తుంచే ఈ మనిషి కాకినాడలో తన దొడ్లో మొక్కమీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. మంగళ, శుక్ర, ఆదివారాలు కొయ్యకూడదు. ద్వాదశి, పున్నమి, అమావాస్య సరేసరి. పొద్దుగూకాక అసలే కాదు. ఓ ఆదివారం దగ్గుతూ కషాయానికి నాలుగాకులడిగితే పంచాంగం తిరగేసి, "రేపు ద్వాదశి, ఎల్లుండి మంగళవారం. బుధవారం దాకా దగ్గుంటే చూద్దాంలేరా" అన్నాడు. మరి వెన్నులకి వారాలు అడ్డురావా అంటే, అది కోత కాదట, సేవట.

కోడలు పాస్తాలోకని స్వీట్ బేసిల్ విత్తనాలు తెప్పించి కుండీల్లో వేసింది. మావయ్య ఆకు నలిపి వాసన చూసి, "ఇది మన సబ్జా మొక్కే కదమ్మా" అని తేల్చాడు. అయితే దీనికి పట్టింపులుండవని ఆ పిల్ల సంబరపడింది. "తులసికి దాయాదే. దాయాదులకి మైలుండదూ?" అన్నాడాయన.

ఆయన కునుకు తీస్తుండగా ఓ శుక్రవారం గుప్పెడు కోసి ఫ్రిజ్‌లో దాచింది. ఆ ఆకు చలికి ఆగదు, నల్లబడిపోయింది. కాడలు గ్లాసుడు నీళ్లలో పెట్టి బయటుంచితే నిగనిగలాడుతూ ఉండేవి. ఆ సంగతి మావయ్యకి తెలుసు. తెలిసీ, "శుక్రవారం కోస్తే అంతే మరి" అన్నాడు.

తుంచిన వెన్నులు పారెయ్యడానికి మనసొప్పదు, చొక్కాజేబులో వేసుకుంటాడు. అత్తయ్య ఆ జేబులు దులిపేది దొడ్లో బట్టలుతికే బండ దగ్గర. ఈ వానలకి బండచుట్టూ తులసిమొలకలే. తొక్కకూడదు, పీకకూడదు. చివరికి కూలీలని పిలిచి బండనే గోడవారకి జరిపించాడు. కుళాయి మాత్రం పాతచోటే ఉంది. అత్తయ్య బిందెలు మోసుకుంటూ, "ఆ జేబులో కందులేసుకున్నా పప్పుకొచ్చేవి కదండీ" అంటుంది.