మోటారు మీమాంసకుడు

భీమ్‌గల్ పట్టణమునందును, చుట్టుప్రక్కల పల్లెలందును మోటారు నెరుగని మనిషి లేడు. పసుపునకు, ఎర్రజొన్నకు, మక్కకు నీరందించు బోరుబావులు ఊరూర ఉండుటచేతను, ఎండలు ముదిరి కరెంటు మందగించిన దినములలో వానిలోని మోటార్లు వరుసపెట్టి కాలిపోవుచుండుటచేతను, ఇచ్చటి వైండింగు దుకాణమునకు గిరాకి తక్కువ యగుట అరుదు. అట్టి దుకాణము ముందరి బల్లపై ప్రొద్దుటి చాయ మొదలుకొని ఆసీనుడై, పరుల మోటార్ల గర్భములోనికి తొంగిచూచి పెదవి విరుచు పెద్దమనిషి యొకడు కనబడినచో, ఆయన కాలిన మోటారు తెచ్చిన రైతు కాడనియు, దానిని బాగుచేయు మేస్త్రి అంతకన్నను కాడనియు, పాత మారుతిని కరెంటు కారుగా మార్చ సంకల్పించి, దానికి తగిన పాత మోటారును స్వల్పమూల్యమునకు సంపాదింప దీక్ష వహించిన మోటారు మీమాంసకుడనియు గ్రహింపవలెను.

ఈ జాతివారు పలువురు దుబాయి గోదాములలో కొన్నేండ్లు పనిచేసి తిరిగి వచ్చినవారు. ఎడారి యెండలో ఫోర్క్‌లిఫ్టు బండి టన్నుల బరువును చప్పుడు లేకుండ ఎత్తుటను కన్నులార చూచినందున, పెట్రోలు ఇంజనుపై వారికి పూర్తిగా వైరాగ్యము కలిగియుండును. ఆ వైరాగ్యమునకు తొలి నిదర్శనముగా, సంకల్పము చెప్పుకొన్న వారమే కారులోని ఇంజనును అమ్మివేయుదురు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, ముప్పదేండ్లు మధ్యతరగతి సంసారములను మోసి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన ఆ మారుతి 800, మన మీమాంసకుని యింటి రేకులషెడ్డులో ముక్కు క్రింద బోలుగా నిలిచి, ఇంజను గుంటలో పొదుగుకోడికిని, వెనుక సీటులో పసుపుకొమ్ముల సంచులకును ఆశ్రయమిచ్చుచున్నది. దానికి ఇన్సూరెన్సు మాత్రము ఏటేట తప్పక కట్టబడుచుండును; రిజిస్ట్రేషను కాగితములో నేటికిని అది పెట్రోలు బండియే.

ఎదురింటివాడు జాలిపడి, "ఇంత తిరుగుడెందుకు తమ్మీ, మా బాయికాడ పాత మోటరున్నది, గదే బిగియ్యరాదు?" అనగా, మీమాంసకుడు చిరునవ్వు నవ్వి, "అన్నా, గది నీళ్లల్ల మునిగితెనే సల్లగుంటది. కారుకు బిగిస్తె కప్పలవాగుల తోలాలె" అనును. అంతటితో ఆగిన పెద్దమనిషి యగును గాని, ఆగడు. బావి మోటారు మూడు ఫేజుల 415 వోల్టులదనియు, దానిని ఉన్నదున్నట్లు నడుపవలెనన్నచో ఇంచుమించు 600 వోల్టుల బ్యాటరీని కూర్చి, ఆ కరెంటును ఏసీగా మార్చవలెననియు, అందుకు పండ్రెండు వోల్టుల బ్యాటరీలు ఏబది కావలెననియు, ఒక్కొక్కటి ముప్పది కిలోలు తూగినను మొత్తము 1500 కిలోలగుననియు, కారు బరువే 650 కిలోలనియు, గోడపై బొగ్గుతో లెక్కకట్టి చూపును. లెక్కలో తప్పుండదు. ఎదురింటివాని గోడ మాత్రము పాడగును.

ఆయన మనస్సంతయు ఫోర్క్‌లిఫ్టులోని సీరీసు మోటారుపైననే. నలువది యెనిమిది వోల్టుల బ్యాటరీకే లొంగుట, నిశ్చలస్థితినుండి కదలునప్పుడే అత్యధికబలము చూపుట దాని సద్గుణములు. దాని రేకుపై పది హార్స్‌పవరని చెక్కియుండగా, ముప్పదియేడు హార్స్‌పవరుల ఇంజను స్థానమున అదెట్లు చాలునని ఎవరైన ఆక్షేపించినచో, ఇంజనుకు చెప్పునది దాని శిఖరబలమనియు, మోటారుకు చెప్పునది వేడెక్కి చెడకుండ నిలుకడగా మోయగల బలమనియు, క్షణకాలము అది ఇబ్బడి ముబ్బడి ఈడ్వగలదనియు సమాధానము. ఇది సత్యమే. ఈయన చెప్పునవన్నియు సత్యములగుటయే వినువారికి పెద్ద చిక్కు.

నిజామాబాదులో పాతసామాను దుకాణమునకు ఆయన వచ్చుట చూచి సేటు నీరసించును. నూనె మరకల నడుమ గొంతుక్కూర్చుండి, అంగడిలో ఎద్దు పండ్లు పట్టి చూచు రైతువలె, మోటారు వెనుక మూత విప్పి బ్రష్షులను ఒక్కొక్కటే వెలికిదీసి, అరిగినదెంత, మిగిలినదెంతయని బొటనవ్రేలి గోటితో కొలుచును. కమ్యుటేటరు రాగిపట్టెలు సమముగా చాకలెటు రంగు తేలియుండిన సంతోషము. పట్టె అంచున నల్లగా కాలియుండిన నిట్టూర్పు. ముక్కు దగ్గరగా పెట్టి కాలిన వార్నిషు వాసన వచ్చునేమోయని ఆఘ్రాణించును. ఇరుసును చేతితో త్రిప్పి బేరింగు గరగర వినును. కొన్ని ఫోర్క్‌లిఫ్టు మోటార్లకు ఒక వైపు బేరింగే యుండక, ఆ కొస గేరుపెట్టెలో ఆనుకొని తిరుగుచుండును గనుక, అట్టిది కారునకు పనికిరావలెనన్నచో లేతుపై కొత్త మూత చేయింపవలసివచ్చును. ఈ లోపము కనబడినపుడు ఆయన ముఖమున వెలుగు చూడవలెను.

"పటేలా, నాకు ఇనుము కిలో లెక్క, రాగి కిలో లెక్క. తీస్కుంటవా, తూకమెయ్యాల్నా?" అని సేటు.

"తొందరేంది సేటు, తిరుగుతదో లేదో సూడొద్దా?"

అంతట ఒక కారు బ్యాటరీ తెప్పించి తీగెలు తగిలించును. సీరీసు మోటారును భారము లేకుండ నిండు వోల్టేజీపై విడిచినచో వేగమునకు హద్దు లేక పట్టెలు ఎగిరిపోవునని శాస్త్రము బోధించిన యాయనయే, పండ్రెండు వోల్టులకేమగునని కట్టివేయక తగిలించుటచే, ఏబది కిలోల మోటారు ఒక్క తృళ్లింత తృళ్లి దొర్లి, సేటు చాయగ్లాసును నలిపివేసెను. చాయ దండుగ చెల్లించి, మోటారు కొనకుండ, పరమానందముతో ఇల్లు చేరెను.

బోధన్ వెళ్లినచో ఆయన శక్కర్‌నగర్‌వైపు ఒక పర్యాయము పోక మానడు. నిజాము కాలమున, 1937లో నెలకొల్పబడి, ఆసియాలోకెల్ల పెద్దదను పేరుపొంది, 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర కర్మాగారపు గోడప్రక్క నిలిచి, లోపల బెల్లపు మడ్డినుండి చక్కెరను విడదీసిన యంత్రములను త్రిప్పిన మోటార్లు ఏ గతిని ఉన్నవోయని కన్నీరు పెట్టును. చెరుకు రైతులును, కార్మికులును ఆ గోడను చూచి పెట్టు కన్నీరు వేరు. ఆ తేడా ఆయనకు తట్టదు.

ఎవరైన హేళన చేసిరా, 1899 ఏప్రిల్ 29న గంటకు నూరు కిలోమీటర్ల వేగమును భూమిపై మొట్టమొదట దాటినది జెనాజీ యను బెల్జియము దేశస్థుని కరెంటు కారే యని నోరు మూయించును. మరి 2001లో బెంగళూరునుండి వచ్చిన రేవా కారు మోటారు నలువది యెనిమిది వోల్టులదే గదా, మూలబడ్డ రేవాను తెచ్చి దాని మోటారు తీసికొనరాదా యని వైండింగు మేస్త్రి ఒకనాడు తలయెత్తక అడుగగా, మీమాంసకుడు నొచ్చుకొని, "అది కారు మోటరే గదనే! దాన్ల మన గొప్పేమున్నది?" అనెను. మేస్త్రి రాగితీగె చుట్లు లెక్కించుకొనుచు మరల మాటాడలేదు. ఆ ఊరిలో ఈ విషయమెరిగిన వాడొక్కడుండెనేని అతడా మేస్త్రియే యని నా అభిప్రాయము.

కార్తికమాసమున లింబాద్రి గుట్ట జాతరకు సకుటుంబముగా పోయినపుడు, పిల్లలు రంగులరాట్నమెక్కి దిగి, మరల ఎక్కి దిగి, నిద్రపోవుచుండగా, ఈయన రాట్నము వెనుక చీకటిలో టార్చిలైటు పట్టుకొని, అది త్రిప్పునది మోటారా, డీజిలింజనా యని పరీక్షించుచుండును. ఇల్లాలు, "మన బాయి మోటరు కాలి నాలుగొద్దులాయె, మడి ఎండుతున్నది. గది సూడు మొదలు" అనిన, "గదెంత పని, రేపు ఏపిస్త" యనును.

తుదకు మొన్న మోటారు దొరికినది. బ్రష్షులు నిండుగా, పట్టెలు చాకలెటు రంగుగా, రెండు వైపుల బేరింగులతో, వెలయు అందుబాటులో, వేలుపెట్టుటకు వీలులేని మోటారు. ఇంటికి తెచ్చి, నీళ్లుచల్లి కడిగిన అరుగుపై గోనెసంచి పరచి నిలిపిరి. వాడయంతయు వచ్చి చూచెను. ఇల్లాలు షెడ్డులో పసుపు సంచులు తీయించి, కోడిని తరిమి, కారు తుడిచినది. మీమాంసకుడు మోటారును, కారును మార్చిమార్చి చూచి, చిరకాలము మౌనముద్ర వహించి, చివరకు తల అడ్డముగా ఊపెను.

"మోటరు మంచిదే. గీ మారుతే దీనికి సాలదు. అంబాసిడర్ కావాలె."

కమ్మర్‌పల్లిలో ఒక అంబాసిడర్ ఉన్నదని విని, టీవీఎస్ బండిలో రెండు లీటర్ల పెట్రోలు పోయించుకొని, ఆ సాయంకాలమే బయలుదేరెను.