సిఫారసు మా ఊరి పంట

తిరుచానూరులో కాపురముండే మనిషికి దగ్గరి చుట్టాలు, దూరపు చుట్టాలు అని ఉండరు. కొండకు వచ్చే ముందు ఫోన్ చేసేవాళ్ళు, కొండ దిగినాక ఫోన్ చేసేవాళ్ళు అని ఉంటారు. ముందు చేసేవాళ్ళకు లెటర్ కావాలి. తర్వాత చేసేవాళ్ళకు లెటర్ ఇంకోచోట దొరికిందని అర్థం.

హైదరాబాద్‌లో ఉండే మా బామ్మర్ది మొదటి రకం. "బావా, బాగుండావా?" అని మొదలుపెట్టి, నా మోకాళ్ళ నొప్పి మీదుగా, వాళ్ళక్క బీపీ మీదుగా, ఈ ఏడు వానల మీదుగా నిదానంగా నడుచుకుంటూ వచ్చి అలిపిరి దగ్గర ఆగుతాడు. "అదే బావా, మీ ఎమ్మెల్యే లెటర్ ఒకటి..."

వాడికి మా ఎమ్మెల్యే పేరు తెలీదు. పార్టీ తెలీదు. తిరుచానూరు తిరుపతిని ఆనుకునే ఉన్నా తిరుపతి రూరల్ మండలంలో ఉంటుందనీ, మా ఓటు చంద్రగిరికి పడుతుందనీ, తిరుపతి ఎమ్మెల్యే వేరనీ ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా. "ఏ ఎమ్మెల్యే అయితేనేం బావా, ఎవురిది ముందు దొరికితే వాళ్ళది" అంటాడు. శాసనసభ్యుడంటే వాడి దృష్టిలో ఒక లెటర్‌ప్యాడ్. దాని వెనకాల ఒక మనిషి కూడా ఉంటాడేమో అని లీలగా అనుమానం, అంతే.

వాణ్ణి తప్పు పట్టను. మా వైపు శాసనసభ్యుడి జీవితం మొత్తం ఆ ప్యాడ్ మీదే నడుస్తుంది. గెలిచిన మర్నాడు పూలదండలు వాడిపోక ముందే ప్యాడ్ ప్రింటుకు పోతుంది. రాజముద్ర, పేరు, కింద ఖాళీ. ఆ ఖాళీలో ఆరుగురి పేర్లు, ఆధార్ నంబర్లు. దాన్ని కొండ మీద ఆఫీసులో ఇస్తే, అదృష్టం బాగుంటే సాయంత్రానికి సెల్లు కూస్తుంది. ఐదువందల రూపాయల బ్రేక్ దర్శనం. ఒకప్పుడు ఇందులో ఎల్1, ఎల్2, ఎల్3 అని మెట్లుండేవి. స్వామి ముందు ఎంతసేపు నిలబడాలో, హారతి కళ్ళకద్దుకోవాలో వద్దో ఆ ఎల్ పక్కనున్న అంకె తేల్చేది. 2019లో ఆ మెట్లు తీసేశారు. అంకె పోయింది, ఎల్ మిగిలింది. ఎల్ అంటే లెటరే కదా, అదెట్టా పోతుంది?

లెటర్ బలం ఎంతో తెలియాలంటే రెండు తెలుగు రాష్ట్రాల సంగతి చూడండి. 2014లో విడిపోయినాక కృష్ణా నీళ్ళలో ఎవరి వాటా ఎంత అన్నది ఈరోజుకీ తెగలేదు. ట్రిబ్యునళ్ళు, కోర్టులు, గట్ల మీద పోలీసులు, అన్నీ అయినాయి. తెలంగాణ ఎమ్మెల్యేల సిఫారసు లేఖల సంగతి మాత్రం ముఖ్యమంత్రుల దాకా పోయి, 2025 మార్చిలో శుభ్రంగా తేలిపోయింది. సోమ, మంగళవారాల్లో బ్రేక్ దర్శనం, బుధ, గురువారాల్లో మూడొందల రూపాయల దర్శనం, లెటర్‌కు ఆరుగురు. నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటారుగానీ లెటర్ లేకపోతే ఓర్చుకోరని రెండు ప్రభుత్వాలకూ తెలుసు.

"ఇంకేమప్పా, మీ ఎమ్మెల్యే లెటరూ చెల్లుతుందిగా" అన్నా మా బామ్మర్దితో.

"సోమ, మంగళవారాలు నాకు లీవు దొరకదు బావా" అన్నాడు. వాడి కంపెనీ మీద మాత్రం ఏ ముఖ్యమంత్రి లెటరూ పనిచెయ్యదు.

కాగితం మహిమ ఈ నేలకు కొత్త కాదు. 1639లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళకు సముద్రపుటొడ్డున కోట కట్టుకోడానికి చారెడు ఇసుకనేల కావలసి వచ్చింది. చంద్రగిరి రాయల కింద ఉన్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఒక పత్రం రాసిచ్చాడు. ఆ ఇసుక మీద లేచిందే చెన్నపట్నం. చంద్రగిరి వైపు నుంచి పోయిన లెటర్ల చరిత్రలో దాన్ని మించింది ఇంకోటి లేదు. అందులో ఆరుగురికే అని రాయడం మర్చిపోయారు.

ఇక మా చంద్రగిరి సీటు సంగతి. ఈ సీటుకొక గుణముంది. ఇక్కడ గెలవడం కన్నా ఓడటం లాభం.

నమ్మరా? నారావారిపల్లె కుర్రవాడు ఒకాయన, ఎస్వీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివినవాడు, 1978లో ఇందిరా కాంగ్రెస్ టికెట్ మీద ఇక్కడ గెలిచాడు. ముప్ఫై ఏళ్ళకే అంజయ్య మంత్రివర్గంలో మంత్రి. 1981లో రామారావుగారి అల్లుడు. 1983 జనవరిలో ఎన్నికలొచ్చాయి. గట్టుకు అవతల తిరుపతిలో మామగారు తెలుగుదేశం జెండాతో గెలిచారు. గట్టుకు ఇవతల చంద్రగిరిలో అల్లుడుగారు మేడసాని వెంకట్రామనాయుడి చేతిలో పదిహేడు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. ఓటర్లు ఒకే బజారుకు పోయేవాళ్ళు, ఒకే సినిమా హాల్లో ఒకే ఎన్టీఆర్‌కు ఈల వేసినవాళ్ళు. అల్లుడు గట్టు దాటి మామ పార్టీలోకి వెళ్ళారు. 1989లో కుప్పం వెళ్ళారు. అక్కడినుంచి 2024 దాకా ఎనిమిదిసార్లు వరసగా గెలిచారు, నాలుగుసార్లు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పుట్టిన ఊరున్న సీటుకు మాత్రం మళ్ళీ నామినేషన్ వెయ్యలేదు. కుప్పం వాళ్ళు ఆయన్ని గెలిపించామని చెప్పుకుంటారు. ఓడించి పంపింది మేం కదా, మా పేరెవరూ తలుచుకోరు.

ఇది ఒక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. 2009లో రోజాగారు తెలుగుదేశం తరఫున ఇక్కడ నిలబడి ఓడిపోయారు. తర్వాత పార్టీ మారి నగరిలో 2014, 2019 రెండుసార్లు గెలిచి, 2022లో మంత్రి కూడా అయ్యారు. చంద్రగిరిలో ఓటమి తలనీలాల్లాంటిది. ఇచ్చుకుంటే కొత్తవి మొలుస్తాయి.

గెలిచినవాళ్ళకు అంత భాగ్యం లేదు. గల్లా అరుణకుమారిగారు 1989, 1999, 2004, 2009, నాలుగుసార్లు గెలిచారు, మంత్రిగా కూడా చేశారు. 2014లో కాంగ్రెస్ విడిచి తెలుగుదేశానికి వచ్చి, చెవిరెడ్డి భాస్కర్‌రెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. 1994లో ఇక్కడ గెలిచిన నారా రామమూర్తినాయుడుగారు అన్న చంద్రబాబుగారంతటివారు కాలేకపోయారు. ఆయన చేసిన పొరపాటల్లా ఇక్కడ గెలవడం అని మా టీకొట్టు సిద్ధాంతం. చెవిరెడ్డిగారు 2019లో నలభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2024లో తాను ఒంగోలు పార్లమెంటుకు వెళ్ళి ఓడి, ఇక్కడ కొడుకు మోహిత్‌రెడ్డిని నిలబెట్టారు. ఆ అబ్బాయి మీద పులివర్తి నానిగారు, అదే నలభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఐదేళ్ళలో నలభై వేలు అటునుంచి ఇటు దొర్లుకుంటూ వచ్చాయి, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ కుర్రవాడు దిగులు పడనక్కర్లేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆయన భవిష్యత్తు బ్రహ్మాండంగా ఉండాలి.

(ఈ సీటు మీద ప్రేమ ఎంత ముదిరిందంటే 2019లో కొన్ని పోలింగ్ బూత్‌లలో రెండోసారి ఓటెయ్యాల్సి వచ్చింది. 2024లో పోలింగ్ అయిన మర్నాడు, స్ట్రాంగ్ రూమ్ చూడబోయిన అభ్యర్థి నానిగారి మీద దాడి జరిగింది. జరిగింది పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో. అమ్మవారు తన పేరు పెట్టించుకోడానికి ఒప్పుకున్నప్పుడు ఇది చూడాల్సి వస్తుందని అనుకోలేదేమో.)

పార్టీ మారడం అంటారా? అది మా వైపు తప్పు కాదు, బస్సు మారడం. 2019లో చిత్తూరులో వైసీపీ ఎమ్మెల్యేగా గెలిచిన ఆరణి శ్రీనివాసులుగారు 2024లో జనసేన ఎమ్మెల్యేగా తిరుపతిలో దిగారు. లగేజీ కూడా మారలేదు. కొండకు పోవాలనుకున్నవాడు ఏ బస్సెక్కితే ఏం?

ఇంతమంది ఇన్ని తంటాలు పడి పోయేది ఎక్కడికి? శాసనసభకు. ఎన్నికల ఖర్చు నలభై లక్షలు దాటకూడదని కమిషన్ చెబుతుంది, ఆ మాట విని మా టీకొట్టులో అందరం ఒక నిమిషం మౌనం పాటిస్తాం. సరే, అంత ఖర్చు పెట్టి చేరిన సభలో కూర్చుంటారా? 2017 నవంబరులో వైసీపీవాళ్ళు సభకు రామన్నారు, మా చంద్రగిరి ఎమ్మెల్యే కూడా అందులో ఉన్నారు. 2021 నవంబరు 19న చంద్రబాబుగారు ముఖ్యమంత్రినయ్యే వస్తానని చెప్పి లేచి వెళ్ళిపోయారు, అట్లాగే వచ్చారు. 2024లో పదకొండు మంది మిగిలిన వైసీపీ ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంది. ఈసారి పెద్దలు రాజ్యాంగం పుస్తకం దుమ్ము దులిపి 190వ అధికరణం తీశారు. అనుమతి లేకుండా అరవై రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించవచ్చని అందులో ఉంది. ఇది చూసి బళ్ళో అటెండెన్స్ తక్కువైన పిల్లకాయలందరికీ ధైర్యం వచ్చింది.

సభను బాయ్‌కాట్ చేసినవాళ్ళను అన్ని పార్టీల్లోనూ చూశా. లెటర్‌ప్యాడ్‌ను బాయ్‌కాట్ చేసినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూళ్ళేదు.

బామ్మర్ది పోరు పడలేక ఒకసారి నేనూ ఒక ప్రజాప్రతినిధి ఆఫీసుకు వెళ్ళా. ఏ పార్టీ అని అడగొద్దు, ఏ నియోజకవర్గమో అసలే అడగొద్దు. నాకు ముందు ఇరవైమంది ఉన్నారు. ఒకాయన కొడుకు బదిలీ, ఒకామె ఇంటి ముందు కాలువ, మిగతా పద్దెనిమిది మందీ లెటర్. పీఏ కుర్రాడు మర్యాదస్థుడు.

"సారు అసెంబ్లీకి పోయిండారన్నా" అన్నాడు.

"అయితే లెటర్ లేనట్టేనా?"

"సారు పోతారు గానీ ప్యాడ్ యాడికి పోతాదన్నా? సంతకాలు చేసి పెట్టే పోయినారు. ఎంతమంది?"

ఆరుగురని చెప్పా. సారు అసెంబ్లీలో ఏ విషయం మీద మాట్లాడుతున్నారో అడగాలని నాకు తట్టలేదు. ఇరవైమందిలో ఎవరికీ తట్టలేదు. ఎన్నికలప్పుడు మా వీధికి వచ్చినవాళ్ళను కూడా కాలువ అడిగాం, కల్యాణమండపం అడిగాం, బోరు అడిగాం. ఏ బిల్లు మీద చెయ్యెత్తావయ్యా అని అడిగిన పాపాన పోలేదు. మేం అడిగిందే వాళ్ళు ఇచ్చారు. తప్పు ప్యాడ్‌ది కాదు.

అడగటం తెలిసిన మనిషి ఒకాయన ఈ ఊళ్ళోనే పుట్టాడు. మాడభూషి అనంతశయనం అయ్యంగారు, 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో. మొదట లెక్కల మాస్టారు, తర్వాత వకీలు, ఆ తర్వాత కాంగ్రెస్, జైలు. 1934లో ఢిల్లీ కేంద్ర శాసనసభకు వెళ్ళి తెల్లదొరలను ప్రశ్నలతో ఉతికి ఆరేశాడు. ఆ ధాటికి ఒక దొరల పత్రిక ఆయనకు 'శాసనసభ ఎండెన్' అని పేరు పెట్టింది. 1914లో మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించిన జర్మనీ ఓడ పేరది. పక్కనున్న అరవదేశంలో ఇప్పటికీ గట్టి పిండాన్ని ఎండెన్ అంటారు. స్వతంత్రం వచ్చాక తిరుపతి నుంచి, తర్వాత చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచాడు. మావలంకర్ పోయాక 1956లో స్పీకర్ అయి 1962 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు, ఆపైన బీహారు గవర్నరు. ప్రశ్నలు వేసి వేసి, చివరికి ప్రశ్నలు వేయించే కుర్చీ ఎక్కిన మనిషి. మా వీధిలో పిల్లకాయలను పిలిచి ఆయనెవరని అడిగా. ఒకడు "ఆయన లెటర్ ఇస్తారా తాతా?" అన్నాడు.

అయ్యంగారు వైష్ణవులు కాబట్టి అసలు సిఫారసు ఏదో ఆయనకు బాగా తెలిసే ఉంటుంది. శ్రీవైష్ణవంలో దానికి పురుషకారం అని పేరు. జీవుడు చేసిన తప్పులన్నీ పక్కనబెట్టి, వీణ్ణి ఒకసారి చూడమని స్వామికి నచ్చజెప్పే పని అమ్మవారిది. ఆ అమ్మవారు కొలువున్నది ఇక్కడే. అంటే సిఫారసు పుట్టిందే మా తిరుచానూరులో. అమ్మవారికి ప్యాడ్ లేదు, పీఏ లేడు, ఆరుగురికే అన్న లెక్క లేదు. పైగా ఇక్కడ మర్యాద కూడా తిరగబడుతుంది. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమి తీర్థం నాడు కొండ మీదున్న ఆయనే పట్టుచీర, పసుపు, కుంకుమ ఏనుగు మీద కిందికి పంపిస్తాడు. సిఫారసు చేసేవాళ్ళ విలువ ఆయనకు తెలుసు మరి.

ఇదంతా మా బామ్మర్దికి చెప్పా. "బాగుంది బావా, అమ్మవార్ని కూడా చూస్తాం. లెటర్ మాత్రం మర్చిపోవద్దు" అన్నాడు.

అందుకని మొన్న మళ్ళీ వెళ్ళా. పోయినసారి అడగని మాట ఈసారి అడగాలని వీధి మలుపు నుంచే గొణుక్కుంటూ పోయా. నా వంతు వచ్చింది. "సారు ఈ సమావేశాల్లో సభలో ఏం ప్రశ్న వేశారు నైనా?" అన్నా. పీఏ కుర్రాడు తలెత్తి చూశాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు కూడా చూశారు.

"ఆరుగురి ఆధార్‌లూ తెచ్చినారా అన్నా?" అన్నాడు.

తెచ్చా. జేబులోనే ఉన్నాయి.