మెహర్ డబ్బు

2019 జులై 31 పొద్దున పేపరు పట్టుకొని పరుగున మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమె ఇంటికి పోయాను. ముమ్మారు తలాక్ బిల్లు ముందురోజే రాజ్యసభలో గట్టెక్కింది. ఒక్క బిగిన మూడుసార్లు తలాక్ అంటే అది చెల్లదు, అన్నవాడికి మూడేళ్ల దాకా జైలు. ఆమెకు ఆ కబురు అందరికంటే ముందు నేనే చెప్పాలనిపించింది.

ఆమె మిషను ఆపలేదు.

"ఆ మూడు ముక్కలు అనుమనే గదా టీచరమ్మా, ఆరేండ్ల సంది అడుగుతున్న. అననే అనడు. ఇగ ఇప్పుడు జైలు వంక గూడ దొరికె."

నల్లగొండలో ఆమెను, ఇద్దరు పిల్లలను వదిలేసి మొగుడు హైదరాబాదులో ఇంకో నిఖా చేసుకున్నాడు. ఏలుకోడు, విడిచిపెట్టడు. పైసా పంపడు. నా చేతిలో పేపరు నాకే బరువైంది.

ఆడమనిషే తెంపుకోవాలంటే ఖులా అడగాలి. ఖాజీ దగ్గరికి పోతే మొగుడి సంతకం తెమ్మన్నారు. మెహర్ తిరిగిచ్చేస్తే సంతకం పెడతానని అతను కబురు పంపాడు. మెహరంటే పెళ్లినాడు మొగుడు పెళ్లాం పేర రాసే సొమ్ము. అది ఆమె ఒక్కదానిదే, పుట్టింటికీ అత్తింటికీ అందులో పాలు లేదు. ఖులా కోరే భార్య దాన్ని వదులుకోవడం ఆనవాయితీ గనుక, కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరూ ఇదేమిటని అడగలేదు.

రెండేళ్లపాటు పోషించని మొగుడి నుంచి కోర్టు ద్వారా విడాకులు పొందే హక్కు ముస్లిం స్త్రీకి 1939 చట్టంలోనే ఉంది. పాతికేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాకు ఆ సంగతి తెలియదు. తెలిసుంటే ఆమె చెయ్యి పట్టుకొని కోర్టుకు తీసుకుపోయేదాన్ని. ఖులాకు భర్త ఒప్పుకోలు అక్కర్లేదని తెలంగాణ హైకోర్టు తేల్చిచెప్పింది 2025 జూన్‌లో. అప్పటికి ఆమె ఖులా అయిపోయి మూడేళ్లు.

2022 రంజాను ముందు రెండు నెలలు మా ఇంటి కిటికీకి ఆ మిషను చప్పుడు అర్ధరాత్రి దాకా వినిపించేది. పండుగ బట్టలు ఎన్ని వస్తే అన్నీ ఒప్పుకుంది. మెహర్ కింద తిరిగివ్వాల్సిన పదిహేను వేలు కూడాక, ఖాజీ దగ్గరికి తోడు రమ్మని నన్ను పిలిచింది. లెక్క సరిచూడమని నోట్లు నా చేతికిచ్చింది. సరిగ్గా ఉన్నాయి. తిరిగిస్తే సంచిలో పెట్టుకోలేదు. ఒళ్లో పరుచుకొని, ముడతలు పోయేలా ఒక్కొక్క నోటునూ అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

ఆ కూర్చోవడం చూడలేక ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "పెళ్లప్పుడు ఇచ్చిన మెహర్ ఏం చేశావమ్మా? పిల్లలకే ఖర్చుపెట్టావా?"

"నిఖానామాల రాసిండ్రు టీచరమ్మా. కండ్ల జూసుడు ఇయ్యాలనే."