చారెడు నీళ్ళు చాలవట!

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పంచాంగం, ప్రభుత్వం రెండూ కలిసొస్తే. పెన్న పేరుకే నది, ఎక్కువ నెలలు అందులో తిరిగేవి ఇసుక ట్రాక్టర్లే. ఇలాంటి చోట బాప్తిస్మానికి ఏ సిద్ధాంతం అనువుగా ఉంటుంది? మార్టిన్ లూథర్ 1529లోనే తన చిన్న ప్రశ్నోత్తరిలో తేల్చేశాడు. పని చేసేది ఉత్త నీళ్ళు కాదు, నీళ్ళతో కూడిన దేవుని మాట అన్నాడు. అంటే చారెడు నీళ్ళు చాలు, పసిబిడ్డ నెత్తి తడిస్తే చాలు. మన సీమను చూసే రాశాడా అన్నంత పొదుపు.

కానీ మన లూథరన్ సోదరులకు ఈ మధ్య చారెడు నీళ్ళు ఆనడం లేదు. పసితనంలో చల్లిన నీళ్ళు లెక్కలోకి రావని పక్క వీధి రేకుల షెడ్డు పాస్టరుగారు సెలవిచ్చారట. అంతే. టార్పాలిన్ పరిచిన తొట్టి, దాని పక్కనే ట్యాంకరు, గుట్టుగా రెండో మునక. మరుసటి ఆదివారం ఏమీ ఎరగనట్టు వచ్చి సంఘ కమిటీలో కూర్చుని మన పితరుల విశ్వాసం గురించి ఉపన్యాసం. వీధి కుళాయికి వారానికోసారి నీళ్ళొచ్చే ఊళ్ళో ఒక్క ఆత్మను రెండుసార్లు తడపడం ఎంత విలాసమో వారికి తట్టదు.

నిజానికి మన జిల్లా లూథరన్ల ఇలాకా కాదు. ఇక్కడ పనిచేసింది లండన్ మిషన్. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. లూథరన్లు గుంటూరు, రాజమండ్రి వైపు నుంచి రైల్వేలోనో బ్యాంకులోనో బదిలీ మీద గుంతకల్లుకో అనంతపురానికో దిగినవాళ్ళు. సామానుతో పాటు వంశ చరిత్ర కూడా దింపుకుంటారు. పెళ్ళిచూపుల్లో కాఫీ కంటే ముందు వచ్చేది అదే. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టడం, 1883లో కుగ్లర్ డాక్టరమ్మ రావడం, 1885లో ఏసీ కాలేజీ, 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం. ‘మాది నాలుగు తరాల లూథరన్ కుటుంబమండీ’ అంటారు. సంతోషం. ఆ నాలుగు తరాలు కంఠతా పట్టిన ప్రశ్నోత్తరిలో ఏముందండీ అని అడిగి చూడండి. కాఫీ తాగడంలో మునిగిపోతారు.

లూథరన్లు తెలుగువాళ్ళకు ఇచ్చిన పుస్తకాల కథ సామాన్యమైంది కాదు. తెలుగు అక్షరం అచ్చు మొహం చూసిన తొలినాళ్ళలో, 1746లో, జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ ఒక చిన్న తెలుగు ప్రశ్నోత్తరి అచ్చు వేయించాడు. అంత ముందుగా మన చేతిలో అచ్చు పుస్తకం పెట్టినవాళ్ళ వారసులకు ఇప్పుడు గుడికి పుస్తకం పట్టుకెళ్ళడం నామోషీ. ఎల్‌ఈడీ తెర ఉంది కదా! ఆ తెర మీదికి పాప ఒప్పుకోలు రాదు, మూడ్ చెడిపోతుందట. విశ్వాస ప్రమాణం రాదు, నిడివి ఎక్కువట. సిడ్నీలో పుట్టి హైదరాబాద్ స్టూడియోలో తెలుగు మాటలు తొడుక్కున్న పాట పల్లవి మాత్రం పదకొండుసార్లు వస్తుంది. దానికి నిడివి అడ్డు రాదు.

‘అయితే మార్పే వద్దంటారా?’ అని ఎవరో గయ్యిమంటారు. మార్పు వద్దంటే లూథరే ఒప్పుకోడు. లాటిన్‌లో గొణిగే ఆరాధనను జర్మన్ జనం నోటికి తెచ్చినవాడాయన. మన కీర్తనకర్త పురుషోత్తమ చౌదరిగారు చేసిందేమిటి? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి, పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. విశ్వాసం దేశం మీదికి దిగి, ఇక్కడి గొంతు తెచ్చుకోవడం అంటే అదీ. ఇప్పటి కీబోర్డు కుర్రాడిని ముఖారి వాయించమంటే ‘అన్నా, యూట్యూబ్‌లో ట్రాక్ ఉందా?’ అంటాడు. వాడి తప్పేం లేదు. సొంత ఇంటి పాట వాడికి నేర్పకుండా పొరుగింటి పుల్లకూర రుచి మరిగించింది పెద్దలే. పైగా ‘యువత నిలవడం లేదు, అందుకే ఇదంతా’ అని వాళ్ళే వాపోతారు. పొగ మిషన్ కోసమే వచ్చే యువత ఇంతకంటే పెద్ద పొగ మిషన్ ఉన్నచోటికి పోతుంది. అందులో ఆశ్చర్యం దేనికి?

పాటలతో పోయేదైతే సర్దుకోవచ్చు. అసలు ముచ్చట కానుక పెట్టె దగ్గరుంది. దిగుమతి చేసుకున్న సరుకులో ‘విత్తన కానుక’ అని ఒకటుంది. వేస్తే నూరంతలు తిరిగొస్తుందట. వేరుశనగ రైతు ముందు నిలబడి విత్తనం గురించి చెప్పాలంటే గుండె నిబ్బరం కావాలి. సబ్సిడీ కాయల కోసం తెల్లారకముందే వెళ్ళి, తను నిలబడలేక చెప్పుల్ని వరుసలో పెట్టినవాడతను. ముంగారు వానను నమ్మి విత్తి, ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే, కాయ లేని కట్టె పీకి ఎద్దులకు వేసినవాడు. ఆ తర్వాత భార్యాబిడ్డలతో బెంగళూరు బస్సు ఎక్కినవాడు. అతనికి దైవజనులు లెక్క చెబుతారు. కానుక వేశావు, పంట రాలేదు, కాబట్టి నీ విశ్వాసంలో తేడా ఉంది! పంటల బీమా కంపెనీ కూడా ఇంత మాట అనదు. అది వానలెక్క చూపించి పరిహారం ఎగ్గొడుతుందే కాని రైతు భక్తిని శంకించదు.

ఇంతా చేసి, ఆ రైతుకు చెప్పాల్సిన మాట బీరువాలో చెదలు పట్టిన ప్రశ్నోత్తరిలోనే ఉంది. పరలోక ప్రార్థనలో అనుదినాహారం అంటే ఏమిటన్న ప్రశ్నకు లూథర్ ఇచ్చిన జవాబు చూడండి. తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, మంచి ప్రభుత్వం, అదనుకు తగిన వాతావరణం, నమ్మదగిన పొరుగువాళ్ళు, అన్నీ అందులోవే. వీటిని దేవుడు మనం అడక్కపోయినా ఇస్తాడు, దుర్మార్గులకూ ఇస్తాడు అన్నాడు. అంటే వాన బహుమతి కాదు, కరువు శిక్షా కాదు. మంచి ప్రభుత్వం కూడా ప్రార్థనలో భాగమే కాబట్టి హంద్రీ-నీవా కాలువ నీళ్ళ గురించి కలెక్టరేటు ముందు అడగడం అవిశ్వాసం కాదు. 1518లో హైడెల్‌బర్గ్‌లో ఆయన ఇంకొక మాట అన్నాడు. మహిమ పండితుడు చెడ్డదాన్ని మంచిదంటాడు, సిలువ పండితుడు ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతాడు అని దాని సారాంశం. మన సీమకు కావలసింది ఆ రెండోవాడు. ఎండిన బోరు దగ్గర నిలబడి ‘ఆశీర్వాదం పొంగి పొర్లుతోంది, హల్లెలూయా చెప్పండి’ అనేవాడు కాదు. ‘బోరు ఎండిందయ్యా, నేను నీ పక్కనే ఉన్నాను’ అనేవాడు.

షెడ్డు చర్చిల పాస్టర్లను నేను ఎగతాళి చేయబోను. చాలామంది అర్ధరాత్రి కబురు పెట్టినా సైకిలో మోటారు సైకిలో వేసుకుని వస్తారు. జ్వరం మనిషి తలగడ దగ్గర కూర్చుంటారు, వలస వెళ్ళినవాళ్ళ ముసలి తల్లిని పలకరిస్తారు. అరువు తెచ్చుకోవాలంటే తెచ్చుకోవలసింది అది. విచిత్రమేమిటంటే మనవాళ్ళు వాళ్ళ దగ్గర బ్లేజరు నేర్చుకున్నారు, మైకు ముందు గొంతు బొంగురు చేసుకోవడం నేర్చుకున్నారు, ఆ తలుపు తట్టడం మాత్రం నేర్చుకోలేదు. అటు సంప్రదాయం, సంప్రదాయం అని గుండెలు బాదుకునే వర్గానికీ నా నమస్కారం. వాళ్ళకు లూథరన్ అన్న మాట గుర్తొచ్చేది మూడు చోట్ల: సంఘ ఎన్నికల్లో, ఆస్తి వ్యాజ్యాల్లో, పెళ్ళి ప్రకటనల్లో. ఒక వర్గం విశ్వాసాన్ని అద్దెకు తెస్తే, ఇంకొక వర్గం దాన్ని దస్తావేజు చేసి దాచింది. నోటితో పిల్లలకు నేర్పినవాళ్ళు ఇద్దరిలోనూ లేరు.

ఇక అక్టోబరు 31 దగ్గరపడుతుంది. సంస్కరణ దినోత్సవం. ఫ్లెక్సీ పడుతుంది. నడిమధ్య ముఖ్య అతిథి దైవజనుడు చేతిలో మైకుతో, ఆయన చుట్టూ కమిటీ సభ్యులు చేతులు జోడించి, కింద మూల తపాలా బిళ్ళంత లూథరు. దాని పక్కనే ప్రత్యేక ఆకర్షణ: అభిషేక తైలం, విత్తన కానుక, ఆర్థిక విడుదల, ఫోన్‌పే క్యూఆర్ కోడ్. కమిటీవారికి నాదొక మనవి. ఆ మూలనున్న పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండి, తీసేయండి. 1517లో ఆయన గొడవంతా ఇలాంటి కౌంటరు మీదే కదా! ఆయన స్థానంలో జొహాన్ టెట్జెల్ బొమ్మ పెద్దదిగా వేయించండి. పాపపరిహార పత్రాలు అమ్మిన సన్యాసి, రోమ్‌లో గుడి కట్టడానికి జర్మనీలో చందా పోగుచేసినవాడు. మీ కార్యక్రమానికి అచ్చంగా సరిపోతాడు. పైగా ఆయన మీకంటే ఒక విషయంలో నిజాయితీపరుడు: డబ్బు పుచ్చుకుంటే చేతికి కాగితం ఇచ్చేవాడు.