నమూనా మామ

మామకు అసలు పేరొకటి ఉంది. రేషన్ కార్డులో తప్ప దానితో ఎక్కడా పని పడలేదు. మోర్తాడ్ బజారులో ఏ దుకాణం మెట్టెక్కినా ఆయన మొదట అనే మాట, "సేటూ, జర నమూనా చూపియ్." ఆ మాటే పేరై కూచుంది.

ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. ఆర్మూర్‌లో ఇద్దరున్నారని మామే కొంచెం అసూయగా చెప్పాడు. లోకంలో కొనేవాళ్లు, కొననివాళ్లు అని రెండే రకాలనుకుంటాం గానీ, మామది ఈ రెండింట్లో దేనికీ చెందని జాతి. ఆయన కొంటాడు. పది రూపాయల జీలకర్ర కొంటాడు. దానికోసం కిరాణాలన్నీ, గిర్ని, మిర్చి బండి, స్వీట్ల దుకాణం, ఏ సంబంధమూ లేని ఎరువుల దుకాణం కూడా తిరిగొస్తాడు. పొద్దున పోపు కోసం తెమ్మన్న జీలకర్ర రాత్రి చారులోకి అందుతుంది. అత్త ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టి, రేపటి సామాను ఇవాళే చెప్పడం నేర్చుకుంది.

దుకాణంలోకి పోగానే ధర అడగడు. ధర అడిగితే కొనాల్సి వస్తుందని భయం. కందిపప్పు సంచిలో మోచేతిదాకా చెయ్యి దింపి, అడుగున ఉన్నది పైకి తీస్తాడు. "పైన పెండ్లిపిల్ల, కింద అత్తగారు" అని తీర్పిచ్చి చెయ్యి దులుపుకుంటాడు. పల్లీల దగ్గర మూడు గింజలు నియమం. మొదటిది రుచికి, రెండోది మొదటిదాని మీద వచ్చిన అనుమానానికి, మూడోది సేటు మొహం చూస్తూ నమలడానికి. బెల్లం తెల్లగా నిగనిగలాడితే ముట్టడు. "గిది చెరుకుల నుంచి రాలే, మందుల నుంచొచ్చింది" అని నల్లబెల్లం వైపు తిరుగుతాడు. నాలిక చివర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపు దుకాణంలో బేరాలు ఆగిపోతాయి.

పసుపు దగ్గర మాత్రం పరాచికాలుండవు. ఇది పసుపు పండే నేల. కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. టక్కున విరిగితే బాగా ఎండినట్టు, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. విరిగిన చోట రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, ఆ ముక్కను జేబులో వేసుకుంటాడు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కు వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. మామ ఒక్కడే పెదవి విరిచాడు. "బోర్డు ఇప్పుడొచ్చింది. నేను ఎప్పటిసందో ఉన్న."

ఎర్రజొన్నను కూడా వదల్లేదు. మోర్తాడ్, బాల్కొండ, ఆర్మూర్ చుట్టుపక్కల పండే ఈ జొన్న ఉత్తరాదికి పశుగ్రాసం విత్తనంగా పోతుంది. ఇక్కడెవరూ రొట్టె చేసుకోరు. అయినా ఒకనాడు కల్లంలో గుప్పెడు నోట్లో వేసుకుని అరగంట నమిలాడట. ఎట్లుందని అడిగితే, "హర్యానా బర్రెలు అదృష్టవంతులు" అన్నాడు.

చక్కెర విషయంలో ఆయనది తీరని దుఃఖం. అరచేతిలో నాలుగు పలుకులు పోసుకుని ఎండకు తిప్పి, "గిది మన బోధన్ శక్కర గాదు" అంటాడు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న అక్కడి నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడిందని సేటు ప్రతిసారీ గుర్తుచేస్తాడు. "నాకెరుక లేదా? గాదని చెప్తున్న గంతే" అని ఆ నాలుగు పలుకులూ నోట్లో వేసుకుంటాడు.

ప్యాకెట్లంటే పగ. 2022 జూలైలో లేబులు వేసిన పప్పు, బియ్యం ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడింది. విడిగా తూచి అమ్మేదానికి లేదు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు మామ గెలిచిన సర్పంచిలా బజారంతా తిరిగాడు. "సర్కారుకు గూడ తెలుసు, సంచిల చెయ్యి పెట్టి కొనేటోడే అసలు గిరాకి అని." నిజామాబాద్‌లో ఏదో సూపర్‌మార్కెట్‌కు మేనల్లుడు ఏసీ చూపిద్దామని తీసుకుపోయాడు. మామ వరసల మధ్య ప్యాకెట్లు ఒత్తి చూస్తూ, ముక్కు దగ్గర పెట్టుకుంటూ నడుస్తుంటే వెనకాలే వాచ్‌మన్ నడిచాడు. ఇద్దరూ చివరికి గేటు దగ్గర చాయ్ తాగి స్నేహితులయ్యారు. అంకాపూర్‌లోనూ పప్పులుడకలేదు. అక్కడి నాటుకోడి కూర ఎంత పేరున్నదైనా, కోడి మొత్తం చెప్పాల్సిందే. ముక్క నమూనా ఇవ్వరు. మామ ఆ ఊరి పేరెత్తితే మొహం తిప్పేస్తాడు.

సేట్లు వెనకాల తిట్టుకుంటారు. నెలకు ఈయన తినే పుట్నాలు లెక్కేస్తే ఒక పండగ వెళ్తుందని ఒకాయన నాతోనే అన్నాడు. కానీ కొత్త సరుకు దిగితే ధర కట్టేముందు మామకే కబురు పోతుంది. చింతపండు మంచిదేనా అని ఆడవాళ్లు సేటును అడగరు, అరుగు మీద కూచున్న మామను అడుగుతారు. ఆ పుట్నాలు జీతం కిందే జమ అని నా లెక్క.

కొడుకు దుబాయిలో ఉన్నాడు. సెలవునాడు దేరాలోని మసాలా బజారుకు పోయి వీడియో కాల్ చేశాడు. మూతలు తెరిచిన సంచులు వరసగా కనబడేసరికి మామ అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"గా పసుపుకొమ్ము తియ్ బిడ్డా. ఫోను దగ్గర పెట్టి విరువు."

టక్.

"ఎండింది. లోపల రంగు చూపియ్. ఊఁ. మిరియం నమలు. ఘాటుందా? ఎంత కొన్నవ్?"

"ఏం కొనలే బాపూ. ఊకె చూస్తున్న."

మామ ఫోను సేటు వైపు తిప్పి, కొడుకు మొహం చూపించాడు.